నోరు తడిపాక

మొదటిది కూలర్ మోటారు.
కాశీబుగ్గ సంతలో నూట ఎనభై రూపాయలు.
చోళ్ళు మొలకెత్తించి, ఎండబెట్టి, బరకగా ఆడించి,
అరవై ఏడు డిగ్రీల నీళ్ళలో గంటసేపు నానబెట్టిన
ఎర్రటి తీపి నీటిలోకి దాన్ని దించాను.
పదకొండు నిమిషాలు తిరిగింది.
పన్నెండో నిమిషంలో దాని ప్లాస్టిక్ రెక్క
నూనెలో పడ్డ అప్పడంలా వంకర తిరిగింది.

ఆ రాత్రి చెంబుతోనే తోడుకున్నాను,
మోచేతి దాకా బొబ్బలు.
సుభద్ర మందు రాస్తూ అడిగింది:
"తాగాలంటే కొట్టుంది కదా,
ఏటీ చాకిరీ?"
జవాబు నాకూ తెలీదు.
ఓ గింజ నీళ్ళు తాగి తీపి తేలడం,
ఆ తీపి మూతపెట్టిన డబ్బాలో వారం రోజులు
తనలో తాను గొణుక్కోవడం,
అది కొట్లో అమ్మరు.

రెండోది అర హెచ్‌పీ మోనోబ్లాక్.
మా బావమరిది వంకాయ మళ్ళు తడిపేది.
స్విచ్చి వేయగానే
నిద్రపోతున్న పొట్టు పరుపంతా లేచి
గొట్టానికి అడ్డం పడింది.
గొట్టం ఊడింది.
పక్క డాబా మీద ఆరబోసిన జీడిపప్పు మీద
ఎర్రటి జల్లు.
ఎక్కువ బలం ఎందుకు పనికిరాదో
నాలుగు కేజీల పప్పు ఖరీదిచ్చి నేర్చుకున్నాను.

మూడోది విశాఖ నుంచి బస్సు పార్సిల్లో వచ్చింది.
అరచేతిలో నిలబడేంత.
గోడకు అటొక అయస్కాంతం, ఇటొకటి,
ముట్టుకోకుండానే ఒకటి తిరిగితే రెండోది తిరుగుతుంది.
మరుగు నీళ్ళకు ఓర్చుతుందని కాగితంలో రాశారు.
ఎంత ఎత్తుకు ఎక్కిస్తుందో గీత గీశారు:
ఎత్తు పెరిగేకొద్దీ ధార సన్నబడి
మూడు మీటర్ల దగ్గర సున్నా.
మా గంగాళం అంచు ఒకటిన్నర.
లెక్క సరిపోయింది.
పొయ్యి సెగ తగలకూడదని పిట్టగోడ మీద బిగించాను.

ధార రాలేదు.
గరగరమని ఒకటే మోత,
ఫ్యాక్టరీ డ్రమ్ములోకి జీడిపిక్కలు గుమ్మరించినట్టు.

బైరాగిని పిలిచాను.
రైలు గేటు అవతల మోటార్లు చుట్టే బైరాగి,
మందు వాసనకే ముక్కు మూసుకునే మనిషి.
స్క్రూడ్రైవర్ మొన పంపు మీద ఆనించి
పిడి చెవికి పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు.
"గాలి నములుతోంది బావూ.
ఇది నూతిలోంచి పీల్చీది కాదు,
ముందరకొచ్చిందాన్ని తోసీదే.
పైనెట్టినావేటి? కిందెట్టు.
ముందు దీని నోరు తడుపు, తరవాత పని సెప్పు.
మనిసికైనా అంతే కదేటి."

నేలకు దించాం.
కుళాయి తిప్పి, బుడగలన్నీ పైకి పోయి,
దాని కడుపు నిండాక, అప్పుడు స్విచ్చి.
మోత ఆగింది.
ధార తగ్గిద్దామని లోపలికొచ్చే కుళాయి పట్టుకోబోతే
టపీమని నా చేతి మీద కొట్టాడు.
"పీక నొక్కకు.
నొక్కాలంటే బయటికెళ్ళీ దారి నొక్కు."

పొట్టు మీద వేడి తీపి
చప్పుడు లేకుండా పడుతూ, దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ.
మొదట మడ్డిగా. అరగంటకి
గ్లాసు అవతల వేలు కనిపించేంత తేటగా.
పలాస స్టేషన్లో రెండు రైళ్ళు వచ్చిపోయేదాకా
బైరాగి పీట మీదే కూర్చున్నాడు,
చెవి పంపు వైపే.
ఇంకా పులియలేదులే అని ఓ గ్లాసు ఇచ్చాను.
ఒక్క గుక్క తాగి
"మా యమ్మ చోడంబలి" అన్నాడు.
కాసేపాగి,
"కాదులే. దాంట్లో ఉప్పుండీది."

వెళ్తూ మెట్ల మీంచి అరిచాడు:
"ఆరనీకు! తీపి ఎండితే రాయే.
ఇప్పుడే వేన్నీళ్ళు తిప్పీసీ!"

నీళ్ళు తెల్లగా వచ్చేదాకా తిప్పాను.
నాలుగు మరలు విప్పి తల తీసి చూస్తే
రెక్క కింద ఒకే ఒక చోడి గింజ.
మరలో నలగక, వేడికి చిట్లక,
ఆవగింజకన్నా చిన్నది.
సుభద్రకి చూపిద్దామని వేలిమీద పెట్టుకుని దిగాను.
తను నిద్రపోయింది.